ఉమ్మగిలేదాకా

ఇద్వాల్ దుకాణంలో అద్దం వెనక
తొడలది ముందు వరస, పెళ్లివారిలా.
మెడ ముక్కలు అడుగున, ఒక మూలకి,
ధర చీటీ కూడా సగం చిరిగి.
"కిలోన్నర ఉంది గెథిన్. రొమ్ము పట్టీ ఒకటి ఊరికే వేస్తున్నా."
ఊరికే అన్న మాటని మాత్రం
వెనక నిలబడ్డావిడకి వినపడకుండా అన్నాడు.

ఆ గొర్రె మా కొండ మీదదే.
వెనక గోడ దూకొచ్చి
మెరేరిద్ నాటిన క్యాబేజీ మేసిన మందలోదే.
వీపున నీలం మచ్చతో
వానలో నిలబడి మా కిటికీ వైపు చూసేది.
దాని తొడలు లారీ ఎక్కి సముద్రం దాటాయట.
మెడ మాత్రం లోయలోనే మిగిలింది,
నాలాగే.

మెడ అంటే పనిచేసిన కండ.
పొద్దంతా గడ్డికి వంగి, కుక్క మొరిగితే లేచి,
మళ్లీ వంగి.
రేకుల మిల్లులో పంతొమ్మిదేళ్లు వంగినవాణ్ణి,
దాని బిగువు నాకు తెలుసు.
గంటకి లొంగదు.
రెండు గంటలకీ కత్తిని చూసి నవ్వుతుంది.
సన్నని సెగ మీద పూటంతా ఉంచాలి.

చిక్కు అక్కడే.
మాంసం చవక, మంట ఖరీదు.
వీధి తలుపు పక్కన గ్యాసు మీటరులో
ఒక పౌండు ఎనభై పెన్నీలు.
శుక్రవారం దాకా అంతే.

ముక్కల్ని వాటి కొవ్వులోనే ఎర్రగా వేయించాను.
ఉల్లిపాయ, పిడికెడు బార్లీ,
స్వీడ్ దుంప, లీక్ కాడల తెల్లని మొదళ్లు.
నీళ్లు పోసి నురుగు తీశాను.
నలభై నిమిషాలు తెర్లనిచ్చి
మీటరు వంక చూసి
పొయ్యి కట్టేశాను.

మామ్గీ గుర్తొచ్చింది. నాన్నమ్మని అలా పిలిచేవాళ్లం.
గనిలో సమ్మె సాగిన ఏడు
టీ పెట్టెలో ఎండుగడ్డి కూరి, నడుమ గూడు చేసి,
మరిగే గిన్నెని అందులో దించి
పైన తాత కోటు కప్పేది.
మూత మీద చెయ్యి వేశామా,
గరిటెతో వేళ్ల మీద ఒకటి:
"ఉడికేదాకా ఉన్నవాడివి, ఉమ్మగిలేదాకా ఉండలేవూ?"

నా దగ్గర గడ్డి లేదు.
గిన్నెకి రెండు తువ్వాళ్లు చుట్టి
మెట్లెక్కి మోసుకెళ్లి
హెలెద్ మంచంలో పడుకోబెట్టాను.
దాని రజాయి, దాని మీద మాక్సెన్ రజాయి,
చెవుల దగ్గర చలి దూరకుండా దిండు.
తర్వాత చేసేదేం లేక
కాసేపు పక్కనే కూర్చున్నాను.
పని పోయాక ఇదొకటి నేర్చుకోవాల్సొచ్చింది,
ఊరికే కూర్చోవడం.

మూడున్నరకి బళ్లోంచి వచ్చి
హెలెద్ పైకి పరిగెత్తింది.
"నాన్నా! ఇక్కడ ఎవరికి జ్వరం?"
"జ్వరం కాదు, మెడనొప్పి" అన్నాను కింద నుంచే.
నేను వెళ్లేసరికి ఇద్దరూ
బూట్లు విప్పి, కోట్లు విప్పకుండా,
రజాయి కింద కాళ్లు గిన్నెకి ఆనించి
లెక్కలు చేసుకుంటున్నారు.
ఇంట్లో ఇంకెక్కడా అంత వెచ్చన లేదు.

ఏడింటికి మెరేరిద్ వచ్చింది,
ముసలివాళ్లని ఎత్తి దించే డ్యూటీ నుంచి.
మళ్లీ రెండు నిమిషాలు తెర్లించి వడ్డించాను.
చెంచా తగలగానే
ఎముక తనంత తానే పక్కకి తప్పుకుంది.
ఆమె మూలుగ జుర్రుతూ
నా వైపు చూడకుండానే
ఇంకో ముక్క కోసం పళ్లెం జరిపింది.
ఎంతయిందని అడగలేదు.

మిగిలింది వెనక మెట్టు మీద చలికి పెట్టాను,
మూత మీద రాయి, నక్క వస్తుందని.
తెల్లారేసరికి పైన కొవ్వు బిళ్లకడుతుంది.
దాన్ని ఎత్తి దాచుకుంటే గురువారం బంగాళాదుంపలకి.
మామ్గీ అయితే
రెండో రోజు చారే అసలు చారనేది.

పైన తగువు మొదలైంది.
దుప్పటి లీక్ వాసనేస్తోందని హెలెద్.
ఈసారి గిన్నె తన మంచంలోనే పడుకోవాలని మాక్సెన్.
వద్దంటే వద్దని మళ్లీ హెలెద్.